దేవుడి మడికి పట్టిన దోమ

నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "యవసాయం ఆఫీసులో" అని చెప్పి, ఊపిరి తిప్పుకోకుండా వాళ్లింట్లో ఆవు ఈనిందా లేదా అని అడిగేది. అబద్ధమేమీ కాదు. అది వ్యవసాయ పరిశోధన క్షేత్రమే. అక్కడ ఆఫీసు ఉంది, ఆఫీసులో కుర్చీలున్నాయి. నాకు మాత్రం కుర్చీ లేదు. ఆఫీసు వెనక, వల కట్టిన షెడ్డులో, చిన్న పీట మీద కూర్చుని వరి కుండీల్లో సుడిదోమల్ని పెంచడం నా పని. పల్లపు పొలాల్లో వరి దుబ్బుల మొదళ్లకు పట్టి, రసం పీల్చి, పచ్చటి చేనుని నాలుగు రోజుల్లో ఎండగట్టే దోమ అది. ఊళ్లో జనం వేలు పోసి చంపుతున్నదాన్ని నేను జీతం తీసుకుని సాకేదాన్ని.

ఈ సంగతి పక్క పొలం మావకి ఎలాగో తెలిసిపోయింది. "కంచే సేను మేసినట్టున్నాది నీ కూతురు ఉజ్జోగం" అని అమ్మతో అన్నాడు. అమ్మ ఆ మాట నవ్వుతూనే నాకు చెప్పింది గానీ, ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

యూరియా బస్తాల మీద వేపపూత అని కొత్తగా అచ్చేస్తున్న రోజులవి. మా ఊరు కోటబొమ్మాళికి దగ్గర. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్, కొత్తవలస వైపు డ్యూటీ. వారానికోసారి ఇంటికొచ్చి, తిని, పడుకుని వెళ్లేవాడు. మాకున్న నాలుగు మళ్ల సేద్యమూ అమ్మదే. దమ్ము పట్టించడం నుంచి కళ్లం ఊడ్చడం దాకా ఆమె మాటే చెల్లేది. నేను డిగ్రీ అయి రెండేళ్లు ఇంట్లో కూర్చుని, రాసిన పరీక్షలన్నీ తప్పి, ఆఖరికి ఈ తాత్కాలికం పనిలో చేరి ఆమదాలవలసలో గది తీసుకున్నాను. శనివారం సాయంత్రం పాసింజరెక్కి ఇంటికొచ్చేదాన్ని.

మాది తాతల నాటి నుంచీ బాప్టిస్టు మిషను చర్చి కుటుంబం. నాకు పని దొరక్కముందు అమ్మ ఒక మొక్కుబడి చేసుకుంది. "దేవా, నా గుంటకి ఉజ్జోగమిస్తే పల్లపు మడి నీది" అని. అన్నిటికంటే కిందున్న మడి అది. మాకున్న వాటిలో మెరకలూ గరువులూ లేని మంచి నేల. నాకు పని దొరికిన రోజు నుంచీ ఆ మడి పంట దేవుడిది. కోతలయ్యాక వచ్చే ఆదివారం మా చర్చిలో కోత పండగ చేస్తారు. ఆ రోజు అందరూ గుమ్మడికాయలో, కోడిపుంజులో, కొత్త ధాన్యమో తెచ్చి వేదిక ముందు పెడతారు. అమ్మ ఆ మడిలో మొదట కోసి కట్టిన వరి పన తల మీద మోసుకెళ్లి పెట్టాలి, నూర్చిన గింజలు తర్వాత బస్తాల్లో చేర్చాలి. అదీ ఒప్పందం.

మొదటి ఏడు ఆ మడికి దోమ పట్టింది. మధ్యలో గుండ్రంగా, ఎవరో వేడినీళ్లు కుమ్మరించినట్టు ఎండిపోయింది. పంటన్నాక తెగుళ్లు రావా అనుకున్నాం. రెండో ఏడూ పట్టింది. పైనున్న మా మూడు మళ్లూ నిక్షేపంగా పండాయి, దేవుడి మడి ఒక్కటే పోయింది. మందు కొట్టేవాణ్ణి పిలిస్తే వాడు ఆకుల మీద నుంచి పిచికారీ చేసి పోయాడు. దోమ దుబ్బుల మొదళ్లలో, నీటి అంచున హాయిగా కూర్చుంది.

ఆ రెండో ఏడు కోత పండగకి నేనూ వెళ్లాను. అమ్మ తల మీది పన గాలికి గలగలమంది. గింజ నిండిన పన అలా మోగదు, తాలు మోగుతుంది. ముందు నడుస్తున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ దాన్ని వేదిక ముందు పెట్టకుండా, గుమ్మడికాయల వెనక్కి తోసి వచ్చి, ముసుగు ముందుకు లాక్కుని కూర్చుంది. ఆ రోజు పాస్టరుగారు, తెలియక, లోకంలో మొదటి ఇద్దరన్నదమ్ముల అర్పణల గురించి ప్రసంగం చేశారు. తమ్ముడు మందలోంచి గొర్రెపిల్లని తెచ్చాడు, దేవుడు చూశాడు. అన్న పొలం పంట తెచ్చాడు, దేవుడు దానివైపు కన్నెత్తలేదు. నేను అమ్మవైపు చూశాను. ఆమె నేలలోకి చూస్తోంది.

అప్పట్నుంచీ అమ్మ ప్రార్థన గొంతు తగ్గిపోయింది. అంతకుముందు ఆమె పొద్దున్నే ప్రార్థన చేస్తే పక్కింటి వాళ్లు నిద్రలేచేవాళ్లు. ఎవరికి జ్వరం, ఎవరి కోడలికి నెల తప్పింది, ఎవరి గేదె కనబడ్డం లేదు, అన్నీ పేరు పేరునా దేవుడికి అప్పజెప్పేది. వీధికంతటికీ అదే వార్తలు. అలాంటి మనిషి గోడవైపు తిరిగి పెదాలు కదిలించి లేచిపోయేది. నాకు దిగులేసేది, కారణం మాత్రం అడగలేదు.

మూడో ఏడు సెప్టెంబరులో ఒక శనివారం ఇంటికొచ్చాను. అమ్మ గడప పక్కన కూర్చుని నెత్తళ్ల తలలు గిల్లుతోంది. తలెత్తకుండానే చెప్పింది.

"ఈ ఏడు కోత పండక్కి నాను రాను. నువ్వూ నాన్నా ఎల్లండి."

"అదేటి?"

"మళ్లీ పట్టినాది. సేటంత మేర పసుపెక్కీసినాది."

"పురుగు పడితే మందు కొట్టాలి గానీ, పండగ మానేస్తారేటి?"

అమ్మ చేప గిల్లడం ఆపింది. "నీకు ఉజ్జోగమొచ్చినప్పుడు నాను మూతి ముడిసీనాను. నీకు తెల్దు. దేవా, ఇంతకాలం అడిగితే దోమలు పెంచే పనేటి ఇచ్చినావని ఆయన్నే అడిగీనాను. ఇచ్చినదానికి వంక పెట్టీనాను. మరి అందుకే దోమల్నే పంపినాడు. నా సేతి అర్పణ ఆయనకి అక్కర్నేదు."

ఈ మాటలు ఏడుస్తూ అనుంటే ఓదార్చేదాన్ని. ఆమె కూర వండే సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్పింది. మూడేళ్లుగా తనతో తను అనుకుని అనుకుని అరగదీసిన మాటలని అర్థమైంది. నా మీద నాకు చాలా కోపం వచ్చింది. వారమంతా ఆ దోమలతోనే బతుకుతున్నాను కదా, ఇంటికొచ్చిన ఒక్క రోజూ వాటి మొహం చూడబుద్ధికాక, ఆ మడివైపు నేను రెండేళ్లుగా అడుగే పెట్టలేదు. జిల్లా రైతులందరికీ పనికొచ్చే పని చేస్తున్నానని లోపల గర్వం ఒకటి.

మర్నాడు చర్చికి ముందే పొలానికి వెళ్లాను. పై మూడు మళ్లూ మామూలు పచ్చగా ఉన్నాయి. పల్లపు మడి నల్లగా ఉంది, అంత పచ్చ. ఆకులు బరువుకి వాలి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. దుబ్బుకీ దుబ్బుకీ మధ్య చెయ్యి దూరడం కష్టం. నీళ్లు చీలమండ లోతున నిలబడి ఉన్నాయి. వంగి, దుబ్బు విడదీసి, మొదలు మీద అరచేత్తో తట్టాను. గోధుమరంగు చినుకుల్లా దోమలు జలజలా నీళ్లలో రాలాయి. ఒకదాన్ని వేలి మీదకి ఎక్కించుకున్నాను. పొట్ట నిండుగా ఉంది, రెక్కలు నడుం దాకా కూడా లేవు.

ఆ దోమ నాకు బాగా తెలుసు. అది నా మూడో వరస దోమ.

మా షెడ్డులో కుండీలు మూడు వరసలు. మొదటి వరస వరికి యూరియా బొత్తిగా లేదు. రెండో వరసకి రైతులకి చెప్పే మోతాదు. మూడో వరసకి దానికి రెట్టింపు. అన్నిట్లోనూ ఒకేలాంటి దోమ పిల్లల్ని వదిలి, ఎన్ని బతికాయి, ఎన్నాళ్లకి పెద్దవయ్యాయి, ఎన్ని గుడ్లు పెట్టాయి అని రోజూ రాసుకోవడమే నా ఉద్యోగం. మొదటి వరసలో పిల్లలు నీరసంగా పెరిగి సగం చచ్చిపోయేవి. మూడో వరసలో చచ్చేవి అరుదు, ముందుగా ఈడుకొచ్చేవి, బోలెడు గుడ్లు పెట్టేవి. యూరియా ఎక్కువైతే వరి రసం బలంగా మారుతుంది, కాండం మెత్తబడుతుంది. దోమకి అంతకంటే ఏం కావాలి? "మొక్కకి మనం పెట్టేది మొక్క ఒక్కటే తినదమ్మా" అనేవారు ఈ ప్రయోగం నడిపే మా సారు.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. "పల్లపు మడికి యూరియా ఎన్నిసార్లేసినావు?"

"పై మళ్లకి ఎన్నిసార్లో అన్నిసార్లే."

"అంతేనా?"

"ఆ తరవాత ఇంకోపాలి."

"ఎందుకు?"

"దేవుడిది కాదేటి?" అంది. అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు చూసింది.

అప్పుడు మొత్తం చెప్పింది. ఉభాల్లో, అంటే నాట్ల రోజుల్లో, దేవుడి మడికి నారు ఒత్తుగా వేయించేది, వెలితిగా ఉండకూడదని. పశువుల గత్తం రెండు బళ్లు ఎక్కువ తోలించేది. నీళ్లు ఒక్కరోజు ఆరనిచ్చేది కాదు. వరి పొట్టకొచ్చే దశలో బస్తా అడుగున మిగిలిన యూరియాని బేసిన్లో పోసుకుని, కాళ్లు కడుక్కుని, ముసుగేసుకుని, ప్రార్థన చేసి తన చేత్తోనే ఆ మడికి చల్లేది. పై మళ్లకి కూలి మనిషి చల్లేవాడు.

నాకు ఓపిక తక్కువ. "అయితే దేవుడేటీ పంపలేదు. నువ్వే పిలిసి మేపినావు" అనేశాను.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. అమ్మ చీర మార్చుకుని చర్చికి వచ్చింది, వెనక కూర్చుంది, ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టింది. నేను స్టేషనుకి బయల్దేరుతుంటే మాత్రం, "అంటే నా మొక్కుబడి పురుక్కి మేతయిపోనాదన్నమాట" అంది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. నిజమే చెప్పాను కదా అని ఎంత సర్ది చెప్పుకున్నా ఏడుపు ఆగలేదు. దేవుడు కాదన్నాడన్న బాధ మీద, తన చేతులే పాడు చేశాయన్న బాధ కూడా నేను పెట్టి వచ్చాను.

మూడు రోజులు పోయాక ఫోన్ చేసి, "అమ్మా, ఒకసారి నా ఆఫీసు సూడ్డానికి రా" అన్నాను. వస్తుందనుకోలేదు. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, ప్లాస్టిక్ డబ్బాలో మా సారుకి జంతికలు తీసుకుని, పొద్దుటి పాసింజరుకి దిగింది.

ఈసారి నేను నోరు మూసుకున్నాను. "మూడు వరసలున్నాయి, సూడు" అని మాత్రం చెప్పి పక్కకి జరిగాను. అమ్మ చీర కొంగు బిగించి, మొదటి వరస ముందు గొంతుకూర్చుంది. "కూడు నేని మొక్కలు" అంది. రెండో వరస చూసి తలాడించింది. మూడో వరస దగ్గర ఆగిపోయింది. ఆకు నల్లటి పచ్చ. మొదళ్ల నిండా దోమ. అడుగున మసి పట్టినట్టు జిడ్డు.

"ఇది మన పల్లపు మడి" అంది మెల్లగా.

నేను కుండీని ఆమె ముందుకి జరిపాను.

"ఇత్తనం ఒక్కటేనా?"

"ఒక్కటే."

"నీళ్లూ ఎండా ఏటన్నా తేడాగున్నాయా?"

"నేదు. యూరియా ఒక్కటే తేడా."

"దోమలు? ఒక్క సోటివేనా?"

"ఒక్క పంజరంలో పుట్టినవే."

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మా సారు నవ్వి, "మా దగ్గరికొచ్చే చదువుకున్న పిల్లలు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు" అన్నారు. అమ్మ ఆయనకి జంతికలిచ్చి మళ్లీ కుండీల దగ్గరికి వచ్చేసింది.

"ఈటికి రెక్కలు పొట్టిగున్నాయేటి?"

"కడుపు నిండితే పొట్టి రెక్కలే వస్తాయి, కదలక్కర్నేదు కదా. తిండి సాలకపోతే పొడుగు రెక్కలొస్తాయి. ఎగిరి ఇంకో సోటికి పోతాయి."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అయితే నీకు నాను సరిగ్గా ఎట్టనేదేటి, ఆమదాలవలస ఎగిరొచ్చీసినావు?" అంది. వేళాకోళానికే అంది. నాకు నవ్వొచ్చింది.

అమ్మ మూడో వరస ఆకుని రెండు వేళ్లతో నిమురుతూ కూర్చుంది. చివరికి అడిగింది.

"ఈ కుండీల కాడ ఎవులు పాపం సేసినారే?"

"ఎవులూ సేయలేదమ్మా."

"ఈ మొక్క ఎవులిదీ కాదు. దీనికీ పట్టినాది."

"పట్టినాది."

"అయితే ఆయన కోపం కాదు."

"కాదమ్మా. ఆ రోజు నేను అలాగ అనకుండా ఉండాల్సింది" అన్నాను. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "మూడేళ్లు ఆయన్ని అనుమానించీసినాను" అంది. అక్కడ, ఆ షెడ్డులో, దోమల మధ్య, నా తల మీద చెయ్యి వేసింది. నా ఉద్యోగానికి ఆమె చేసిన మొదటి ఆశీర్వాదం అది, నాకది చాలు.

ఆ ఏడు పల్లపు మడిలో నీళ్లు తీసేస్తే కొంత దక్కింది. ఆ పన నాన్న మోసుకెళ్లాడు. అమ్మ వెనక వరసలో కూర్చుంది. "వచ్చే ఏడు నా నెత్తి మీద నానే ఎట్టుకుంటాను. దేవుడు తీసుకుంటాడో నేదో అప్పుడు సూస్తాను" అంది. కుండీలు చూసి ధైర్యం వచ్చింది గానీ, లోపలి లెక్క ఇంకా తేలలేదన్నమాట.

మరుసటి ఏడు అసలు యుద్ధం. దోమకంటే అమ్మ చేతితోనే ఎక్కువ. నారు పలచగా నాటించి, మధ్యమధ్య గాలి ఆడేట్టు బాటలు వదిలించాను. "దేవుడి మడి పళ్లూడిన నోరులాగున్నాది" అని విసుక్కుంది. పొటాష్ వేయించాను, కాండం గట్టిపడుతుందని. యూరియా మాత్రం పై మళ్లకి ఎంతో దీనికీ అంతే అని మాట తీసుకున్నాను. "నాకెంతో ఆయనకీ అంతేనా?" అని అడిగింది. ఇప్పటికీ ఆ ప్రశ్న నాతోనే ఉంది.

పొట్ట దశ వచ్చాక ఒకరోజు ఫోన్ చేసింది. "బస్తా అడుగున మిగిలినాది. బేసినట్టుకుని గట్టు మీద నిలబడిపోనాను. సెయ్యి ఊరుకోదే."

"వేసీసినావా?"

"సానాసేపు నిలబడినాను. తిరిగొచ్చి బస్తా మూతి కట్టీసినాను." బిడ్డకి పాలు తగ్గించిన తల్లికి కూడా అంత బాధ ఉండదేమో.

ఆ మడి ఆ ఏడు పక్క మళ్లలాగే లేతపచ్చగా ఉంది. పక్క పొలం మావ గట్టు మీద ఆగి, "ఏటి సెల్లీ, ఉజ్జోగం పాతబడినాదని దేవుడికి ఎగ్గొట్టీసినావేటి?" అన్నాడట. అమ్మ ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. కానీ రెండ్రోజులకోసారి మడిలో దిగి దుబ్బులు తట్టి చూసి నాకు ఫోన్ చేసేది. "ఈయేల పది దుబ్బులు తట్టినాను. రెండే రాలినాయి. పొడుగు రెక్కలివి." ఇంకోరోజు, "సాలీళ్లు తిరుగుతన్నాయి. దోమని తింటన్నాయి. నువ్వెప్పుడూ సెప్పనేదేటి?" అని నన్నే నిలదీసింది.

కోత పండగ రోజు పొద్దున్నే పన కట్టింది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. తల మీద ఎత్తుకుంటే మెడ కొంచెం దిగింది. నేను వెనకే నడిచాను, చెవులు రిక్కించి. పన చప్పుడు చేయలేదు. కంకులు బరువుకి ఆమె భుజాల మీదికి వంగి ఊగాయి, అంతే. చర్చిలో నడవ పొడుగునా నడిచి, గుమ్మడికాయలన్నిటికీ ముందు, వేదిక మెట్టు మీదే పెట్టింది. పాస్టరుగారు దాన్ని రెండు చేతులా ఎత్తి, బరువుకి ఆశ్చర్యపోయి, ఇంకోసారి సర్దుకుని పట్టుకున్నారు.

అందరూ ప్రార్థించండి అనగానే, ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది. రెండేళ్లుగా నేను వినని గొంతు. ఎవరి జ్వరం, ఎవరి కోడలు, ఎవరి గేదె, అన్నీ. పక్క పొలం మావ పొలానికి దోమ పట్టకూడదని కూడా. ఆఖర్న, దోమలు పెంచే నా కూతుర్ని సల్లగా సూడు అని. జనం తలలు తిప్పి చూశారు. నేను కళ్లు మూసుకోలేకపోయాను, ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొస్తూ గట్టు మీద అమ్మ ముందు, నేను వెనక నడుస్తున్నాం. కోసేసిన పల్లపు మడి పక్కన ఆగింది.

"పుట్టి బుద్దెరిగినాక, ఆయనకి తక్కువెట్టింది ఈ ఏడే" అంది.

నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది.

"అయినా తీసుకున్నాడే."